గౌరవ్వ పెట్టిన బొట్టు

పొద్దున్నే వాకిలి ఊడ్చి, చాయ తాగి, చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే గౌరవ్వ మళ్ళీ లేచేది పొద్దుగూకిన తర్వాతే. రాయికల్ పక్కనున్న ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరి పనీ అదే. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. పక్కనే కోడలు శాంత కూడా బీడీలు చుట్టేది. ఆ ఇంట్లో మాటలు తక్కువ.

గౌరవ్వ చేతి బొట్టు సంగతి ఊరందరికీ తెలుసు. మాట ఇచ్చినవాడి నుదుట ఆమె కుంకుమ పెడితే, ఆ మాట నెరవేరేదాకా అది పోదు. సబ్బుతో రుద్దినా పోదు. నెరవేరిన నాడు దానంతటదే రాలిపోతుంది. దర్జీ సమ్మయ్య ఎవరిదో పెళ్ళి రవిక కుట్టి ఇస్తానని ఇవ్వక, నెలంతా బొట్టుతోనే తిరిగాడు. దాన్నెవరూ వింతగా చూడలేదు. రవిక ఎప్పుడిస్తావని మాత్రం అడిగేవాళ్ళు.

ఓట్లకు వచ్చిన లీడర్లకు హారతి ఇచ్చి బొట్టు పెట్టడం అక్కడి రివాజు. తిరుమల్‌రావు మొదటిసారి నిలబడ్డప్పుడు గౌరవ్వ బొట్టు పెట్టి, వాడకు బోరింగు వేయించమంది. "అట్లనే అవ్వా" అన్నాడు. ఆయన నోటికి అది ఊతపదం. అడగడం పూర్తికాకముందే ఆ మాట బయటికొచ్చేది. గెలిచాక బొట్టుతో అసెంబ్లీకి పోవడానికి సిగ్గుపడి బోరింగు వేయించాడు. నీళ్ళు పడ్డ రోజు బొట్టు రాలింది. అప్పుడాయనకు సిగ్గు ఉండేది.

రెండోసారి ఓట్లకు కొంచెం ముందు గౌరవ్వ కొడుకు రాజమల్లును పోలీసులు పట్టుకుపోయారు. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసేవాడు, పీరీల పండుగకు ఇంటికొస్తూ రాయికల్ అంగట్లో బస్సు దిగాడు. కొత్తగా కనబడ్డ మగపిల్లలందరినీ అడవిలోని అన్నల మనుషులని, నక్సలైట్లని వ్యానెక్కించే రోజులవి. స్టేషనుకు పోతే, "మేం తేలే, మాకు తెల్వదు" అన్నారు. బతికున్న కొడుకు కోసం శోకాలు పెడితే కీడంటారని గౌరవ్వ ఏడవలేదు. శాంత బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో చెప్పేవాళ్ళే లేరు.

ప్రచారానికి వచ్చిన తిరుమల్‌రావుకు బొట్టు పెట్టి, "నా కొడుకు ఏమైండో నా వాకిట్లకచ్చి చెప్పాలె దొరా" అంది గౌరవ్వ.

"అట్లనే అవ్వా."

గెలిచాడు. బొట్టు పోలేదు. ఈసారి దాంతో ఆయనకు లాభమే అయింది, కొండగట్టు అంజన్న భక్తుడని పేరొచ్చింది. పోస్టర్ల మీద ఆ బొట్టునే పెద్దగా వేయించుకున్నాడు. అసెంబ్లీలో ఆ బొట్టుతోనే లేచి, మా జిల్లాలో ప్రజలు ప్రశాంతంగా ఉన్నారని మాట్లాడాడు. ఇది చెప్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. జగిత్యాలలోని ఆయన ఇంటి నుంచి ఆ వాకిలికి గంట ప్రయాణం. మళ్ళీ ఓట్లొచ్చేదాకా ఆ పెద్దమనిషికి ఒక గంట దొరకలేదు.

మూడోసారి ఓట్లప్పుడు అన్నలు చంపుతామని ఆయన పేరు గోడల మీద రాశారు. కోరుట్లలో ఒకసారి తుపాకీ గుండు చెవి పక్కనుంచి పోయింది. జీపు వదిలి, లుంగీ కట్టుకుని బస్సుల్లో తిరగమని పోలీసులే సలహా ఇచ్చారు. "ఆ బొట్టొకటి తీసెయ్యండి సార్, దూరం నుంచే గుర్తుపడుతున్నరు" అన్నారు. తలపాగా చుట్టి చూశాడు. కుంకుమ బట్టలోంచి బయటికి ఊరింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు గౌరవ్వ వాకిలి. ఒక మధ్యాహ్నం ఒంటరిగా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అవ్వా, నీ కొడుకు అడవిల ఉన్నడట. పాణానికేం కాలే."

గౌరవ్వ బీడీ చుడుతూనే, "నొసలు ముట్టుకో" అంది.

ముట్టుకున్నాడు. బొట్టు అక్కడే ఉంది.

"బొంబాయి పోయిండని గూడ ఎవలో అన్నరు."

"ముట్టుకో."

ఉంది. తిరుమల్‌రావు తల దించుకున్నాడు.

"గా పొద్దు ఎస్సై ఫోన్ చేసిండు. గీ పోరడు మీ దిక్కోడట, సాంచాల పని చేస్తడట, ఎరుకేనా అన్నడు. నాకెరుక లేదన్న."

"ఎరుక లేదా? నీ మొదటి ఎలచ్చన్ల జెండాలు కట్టింది వాడు గాదా?"

"వాడే. కూలి రేట్లు ఏమాయెనని సిరిసిల్ల మీటింగుల అందరి ముంగట నిలదీసిండు. గా కోపం మనసుల ఉండె."

"ఆ తర్వాత?"

"తెల్లారి కథలాపూర్ అవుతల కాల్చిన్రు. గుర్తు తెల్వని నక్సలైట్ అని పేపర్ల అచ్చింది. చదివిన."

బొట్టు రాలి అరుగు మీద పడింది. శాంత చేతిలో ఆకు నలిగిపోయింది. తిరుమల్‌రావు నుదురు తుడుచుకుని అరచేయి చూసుకున్నాడు. ఆ ముఖంలో ఊరట చూసి శాంతకు చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది.

"ఇగ పోతనవ్వా."

"ఆగు" అంది గౌరవ్వ. "ఓట్లప్పుడు అచ్చినోడు నా వాకిట్ల నుంచి బొట్టు లేకుంట పోయిండా ఎప్పుడన్న? శాంతా, కుంకుమ తే."

కుంకుమ భరిణె కనబడగానే ఆయన మెడ దానంతటదే వంగింది. ఎన్ని వాకిళ్ళలో వంగిన మెడ! గౌరవ్వ బొట్టు పెడుతూ, "గిప్పుడు నాకు చెప్పిందంత రాయికల్ అంగట్ల, మైకుల చెప్పాలె" అంది.

"అట్లనే అవ్వా."

అనేశాకే ఏమన్నాడో తెలిసింది. నుదురు పరపరా గీక్కున్నాడు. తోలు లేచింది గానీ కుంకుమ లేవలేదు. కాళ్ళు పట్టుకోబోతే గౌరవ్వ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"ఇన్నేండ్లు ఏడుపు ఆపుకున్న. గింతసేపు గూడ ఆపుకుంట. నువ్వు చెప్పినంకనే ఏడుస్త, పో."

అంగడి నాడు మైకు కట్టించాడు తిరుమల్‌రావు. పశ్చాత్తాపంతో కాదు, చావు భయంతో. అయినా సరే, చెప్పాడు. రాజమల్లు చేతిలో ఏనాడూ తుపాకీ లేదని చెప్పాడు. ఒక్క మాట అంటే బతికేవాడని, తాను ఆ మాట అనలేదని చెప్పాడు. బొట్టు రాలిపోయింది.

కూరగాయల కుప్పల నడుమ నిలబడ్డ గౌరవ్వ కూలబడి, గొంతెత్తి కొడుకును పిలిచింది. "ఓ కొడుకా, రాజమల్లా!" శాంత ఆమెను పట్టుకుని కూర్చుంది. ఎండుమిరపకాయలు అమ్మే సాయమ్మ తక్కెడ పక్కన పడేసి దగ్గరికొచ్చింది. గౌరవ్వ కోసమే వచ్చిందనుకున్నారు. కానీ సాయమ్మ నోట వేరే పేరు వచ్చింది. భయపడి ఇంట్లో కూడా పలకని తన తమ్ముడి పేరు. తర్వాత ఇంకో ఆడమనిషి ఇంకో పేరు. అంగడంతా పేర్లు లేచాయి. లాఠీ పట్టుకుని వచ్చిన పోలీసులు ఎవరిని లేపాలో తెలియక ఆగిపోయారు.

తిరుమల్‌రావు వేదిక దిగిపోదామని చూశాడు. పోలీసు జీపు దాకా దారి పొడుగునా ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తున్నారు. తొక్కకుండా పోయే సందు లేదు. మైకు ఇంకా చేతిలోనే ఉంది. ఈసారి ఓట్లలో నిలబడటం లేదని అందులోనే చెప్పాడు.

ఎవరూ వినలేదు.