మంట తీసే చేతులు

సాయంత్రం పల్సానా నుంచి మిల్లు బస్సులో వచ్చి దిగగానే శ్యాంసుందర్ చెప్పులు విడిచి, గడప దగ్గరే రెండు చేతులూ చాపి కూర్చునేవాడు. అద్దకం మిల్లులో ఆయన పని. ఒకరోజు యాసిడ్ డ్రమ్ములు ఒంపాలి, ఇంకోరోజు కాస్టిక్ సోడా కలపాలి. ఏది తగిలినా చేతులు భగ్గుమనేవి. పదో తరగతి చదివే కూతురు నవత పుస్తకం పక్కన పెట్టి వచ్చి, ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకునేది. మంట చల్లారిపోయేది. తండ్రి అరచేతుల్లో కాస్త తడి, చిటికెడు తెల్లటి ఉప్పు మిగిలేవి. తల్లి భాగ్యలక్ష్మి వాటిని కొంగుతో తుడిచేసి, "ఇగ లే, చాయ్ చల్లారుతది" అనేది.

నవత చెయ్యి పుట్టినప్పటి నుంచీ అంతే. నిమ్మకాయ పిండితే మంచినీళ్లు కారేవి. చింతపండు పిసకమని ఆ ఇంట్లో ఎవరూ ఆమెకు చెప్పరు. ఆకులో సున్నం ఎక్కువై నాలుక కాలిన గల్లీ ముసలమ్మలు మాత్రం ఆమెను పిలిచి నోట్లో వేలు పెట్టించుకునేవారు.

ఇబ్బంది బడిలో వచ్చింది. ఆమ్లం నీలి లిట్మస్‌ను ఎర్రగా మారుస్తుంది, క్షారం ఎర్రదాన్ని నీలంగా మారుస్తుంది, రెండూ కలిస్తే లవణమూ నీరూ వస్తాయి. ఇదంతా నవతకు నోటికొచ్చు. కాగితం రంగు మారడం మాత్రం తన చేతుల్లో ఎన్నడూ చూడలేదు. ఆమె పట్టుకున్న పరీక్షనాళికలో ఏది పోసినా ఉప్పునీళ్లయి ఊరుకునేది. ప్రాక్టికల్ పరీక్షేమో దగ్గరపడింది.

సైన్స్ చెప్పే హరిణి టీచర్ బీరువాలోంచి రబ్బరు గ్లోవ్స్ తీసి ఇచ్చింది. "ఇవి తొడుక్కుని చెయ్యమ్మా."

నవత ఆమ్లంలో నీలి కాగితం ముంచింది. కాగితం ఎర్రబడింది.

"టీచర్! మారింది!"

"మారదా మరి! మధ్యలో రబ్బరు అడ్డం ఉంది కదా. ఇటుది అటు పోదు, అటుది ఇటు రాదు."

ఆ చివరి మాట నవత మనసులో నిలిచిపోయింది.

సాయంత్రం తండ్రిని అడిగింది. "బాపూ, మీ మిల్లుల గ్లోవ్స్ ఇయ్యరా?"

"యాడిస్తరు బిడ్డా. దేవదాస్ ఎన్నిసార్లు అడిగిండో. అడిగినప్పుడల్లా మా అద్దకం మాస్టర్ నా చెయ్యి లేపి చూపిస్తడు. 'ఈయన గదే పని చేస్తలేడా? ఈయనకు లేని మంట నీకే ఎందుకు?' అంటడు." శ్యాంసుందర్ నవ్వాడు.

నవతకు నవ్వు రాలేదు. తండ్రితో పాటు మిల్లులో పనిచేసే దేవదాస్ అదే గల్లీలో ఉంటాడు. పగిలిన వేళ్లతో అన్నం కలుపుకోలేక చెంచాతో తింటాడు.

"ఇగ నేను నీ చేతులు పట్ట, బాపూ."

"ఏందే?"

"నేను పట్టవట్టే దేవదాస్ కాకకు గ్లోవ్స్ వస్తలేవు. రేపు మాస్టర్ ఎవరి చేతులు చూపిస్తడో చూద్దాం."

"కన్నతండ్రి చేతులు మండుతుంటే చూస్తవా? జరన్న దయ లేదా నీకు?" అని భాగ్యలక్ష్మి అరిచింది. నవత బకెట్ నిండా నీళ్లు తెచ్చి తండ్రి ముందు పెట్టింది. "మంచిగ కడుగు బాపూ, చానాసేపు కడుగు" అంది. అంటూనే ఏడ్చింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ తిండి సయించలేదు. శ్యాంసుందర్ వేళ్ల సందుల్లో బొబ్బలు లేచాయి. కూతురితో మాట మానేశాడు. ఎక్కడ మనసాగక పట్టుకుంటానోనని నవత తన చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేది.

మిల్లులో దేవదాస్ ఆ బొబ్బలు చూశాడు. "అన్నా, నీకు గూడనా?"

శ్యాంసుందర్ తలెత్తలేకపోయాడు. ఇన్నేళ్లు పక్కనే పనిచేస్తున్నా దేవదాస్ చేతుల్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. "నడువు, మాస్టర్ తాన పోదాం" అన్నాడు.

మాస్టర్ అలవాటు కొద్దీ శ్యాంసుందర్ చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. చూసి, చటుక్కున వదిలేశాడు. వెనకాల మిగతా పనివాళ్లు వచ్చి నిలబడి, ఒక్కొక్కరే తమ చేతులు చాపారు. మాస్టర్ రేపన్నాడు, వచ్చే వారమన్నాడు. అప్పటిదాకా డ్రమ్ము ముట్టమని అందరూ కూర్చున్నారు. మర్నాటికే మోచేతుల దాకా వచ్చే గ్లోవ్స్ పెట్టెలు దిగాయి.

ఆ సాయంత్రం శ్యాంసుందర్ కూతుర్ని పిలిచాడు. "ఏం చెయ్యకున్నా మంచిదే. జర నా పక్కన కూసో బిడ్డా."

గ్లోవ్స్ వచ్చిన కొన్ని వారాలకు, ఎండలు ముదిరే ముందు ఒక ఆదివారం రెండు కుటుంబాలూ డుమస్ సముద్రతీరానికి వెళ్లాయి. వేడి భజియాల పొట్లం మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. దేవదాస్ భార్య అనురాధ చంటిపాపను అతని ఒళ్లో పెట్టింది. అతని చెయ్యి గీరుకుంటే పాప ఏడ్చేది, అందుకని ఇదివరకు గుడ్డ అడ్డం పెట్టుకుని ఎత్తుకునేవాడు. ఈసారి గుడ్డ ఇంట్లోనే మరిచిపోయారు. పాప ఏడవలేదు. దేవదాస్ వేలికొసతో పాప బుగ్గ తాకాడు. మళ్లీ తాకి, భార్య వైపు చూశాడు.

"దీని బుగ్గలు గింత మెత్తగుంటయా?"

"పుట్టినప్పటి సంది గంతే" అంది అనురాధ.