అతుకులో ఇరుక్కున్న చొక్కా

మా ఆయనా వడ్రంగే, మా తమ్ముడూ వడ్రంగే. అయినా మా వంటింటి గట్టు మాత్రం నిన్నటిదాకా పాత పలకలే. ఊళ్ళో అందరి వంటిళ్ళూ మెరిసిపోతాయి, మనింటికి వచ్చేసరికి వీళ్ళకి తీరిక దొరకదు. తీరా దొరికిందీ అంటే, ఇద్దరికీ మాటల్లేవు.

తమ్ముడు తన కొత్తింటికి తలుపు బిగించుకున్నాడు. మా ఆయన దాన్ని తెరిచి, అది కిర్రుమనగానే "లోపల కప్పల్ని పెంచుతున్నావా?" అన్నారు, పదిమందిలో. అంతే. అప్పట్నుంచి ఒకరితో ఒకరు మాట్లాడాలంటే మధ్యలో నేనుండాలి. వాళ్ళ తిట్లలో కారం తీసేసి అటూ ఇటూ మోసీ మోసీ నా ప్రాణం విసిగిపోయింది. నాకు గట్టు కావాలి, నిజమే. అంతకంటే వీళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోవడం కావాలి.

గట్టు రెండు ముక్కలు, మందపాటి చెక్క. రెండూ మూల దగ్గర కలవాలి. అంచులకి జిగురు రాసి అడుగున బోల్టులు బిగిస్తే ముక్కలు దగ్గరికి జరిగి ఒకటైపోతాయి. మా ఆయన పానా పట్టుకుని గట్టు కింది అలమారలో దూరారు, కాళ్ళు మాత్రం బయట. తమ్ముడు ముక్కలు ఎగుడుదిగుడు కాకుండా పైన బోర్లా పడి నొక్కుతున్నాడు.

"ఏమే, మీ తమ్ముణ్ణి అడుగు, అవి చేతులా చీపురుకట్టలా అని," అంది అలమార.

"ఇంకాస్త గట్టిగా నొక్కమంటున్నారురా," అన్నాను.

"ముందు మీ ఆయన్ని నిద్ర లేచి పానా తిప్పమను."

"మీరు కానివ్వండంటున్నాడండీ."

కానిచ్చారు. సందు మూసుకుపోయి జిగురు పైకి ఉబికింది. తమ్ముడు లేవబోయి ఆగిపోయాడు. వాడి నీలం చొక్కా అంచు అతుకులో ఇరుక్కుపోయింది.

"అక్కా, బోల్టు వదులు చెయ్యమని చెప్పు!"

చెప్పడానికి నోరు తెరిచాను. మళ్ళీ మూసేశాను. గట్టు పోతే పోయిందనుకుని స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"అక్కా! జిగురు ఆరిపోతోంది! ఆరితే రంపంతో కోయాల్సిందే!"

ఆ మాట మాత్రం నేను కిందికి మోయలేదు. కింద మా ఆయన కూనిరాగం తీస్తూ మరో చుట్టు బిగిస్తున్నారు. తనతో అన్న మాట కాదు కాబట్టి ఆయన వినిపించుకోలేదు.

తమ్ముడు నన్ను చూశాడు, చొక్కాని చూశాడు, అలమార బయటున్న కాళ్ళని చూశాడు.

"బావా! వదులు చెయ్యి బావా! ఇరుక్కుపోయా!"

కూనిరాగం ఆగింది. అలమారలో తల ఠంగుమంది.

"ఎక్కడ్రా?"

"మూలన! చొక్కా!"

"ఊరికే లాగకు, చెక్క అంచు లేచిపోతుంది. ఆఁ, వదులు చేశా, ఇప్పుడు లాగు. ఇప్పుడు నొక్కు. కాస్త నీ వైపు జరుపు."

"జరిపా బావా. బిగించెయ్."

చొక్కా సగం చిరిగి బయటికొచ్చింది. అతుకు మాత్రం వేలితో తడిమినా తెలియనంత చక్కగా కుదిరింది. ఇద్దరూ దానివంక మురిపెంగా చూసి, అప్పుడు గుర్తొచ్చినట్టు నావైపు తిరిగారు.

"నీకు నోరు పడిపోయిందా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఇంత మొండిదేంట్రా మీ అక్క?"

"చిన్నప్పట్నుంచీ అంతే బావా. నువ్వు కాబట్టి వేగుతున్నావు."

గట్టుకి చెరోవైపు ఆనుకుని ఇద్దరూ నన్ను ఆడిపోసుకోవడం మొదలుపెట్టారు. నాకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ఎంత కమ్మగా తిడుతున్నారో! మధ్యలో నోరు పెడితే ఎక్కడ ఆపేస్తారోనని, ఊపిరి బిగబట్టి విన్నాను.