ఖాళీ భుజంతోని నెట్టెక్కొద్దు

నా పేరు రుబీనా. బాన్సువాడల ఒక బడిల ఆటల టీచర్‌ని. ఉరుకుడంటే నాకు పిచ్చి. పోయినేడు మూడు రోజుల కొండల పరుగుపందెంకు పోయిన. మొదటి రోజే, రెండో కొండ మీద కాళ్లు పట్టేసినయ్. జీపుల కూసోబెట్టి కిందికి దించిండ్రు. ఆ జీపుల బాగ ఏడ్చిన, చెప్పనీకె సిగ్గేంది? ఇంటికొచ్చినంక గల్లీ గల్లీ నవ్వింది. "కాల్వ కట్ట మీద ఉరికేదానివి, నీకు కొండలెందుకు బేటీ?" అని మా మేనత్త ఫుప్పు సుత అన్నది. ఎందుకా? నాకు కావాలె గనక!

ఈయేడు మల్ల పేరిచ్చిన. పందెం పెట్టేటాయన వినోద్‌కుమార్, హైదరాబాద్‌ల ఉంటడు. ఫోన్ల షరతు పెట్టిండు. నెల రోజుల్ల మొత్తం కలిపి ఆరువేల మీటర్ల ఎత్తు ఎక్కినట్టు వాచీ రికార్డు పంపాలె, లేకుంటే పేరు కొట్టేస్తడట. "మీ దగ్గర కొండలు లేవు కదమ్మా, ఈసారికి వదిలెయ్యండి" అన్నడు మెత్తగ. ఆ మెత్తదనానికే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నిజమే, ఎటు చూసినా వరి మడులే. గని మా అబ్బా హమాలీ చేసే రైస్‌మిల్లుల బస్తాల నెట్టు ఉన్నది. ఒకదాని మీద ఒకటి పేర్చిన వడ్ల బస్తాలు, ఒక పక్క మెట్లు మెట్లుగ, పైదాంక ఐదు మీటర్లు. పొద్దుగాల ఐదింటికి పోయి, బూట్లతోనే ఎక్కవోయిన.

"ఆగు!" అని ఒర్లిండు హమాలీ మేస్త్రీ ముత్తెన్న. "వడ్ల మీద బూటుకాలు పెడ్తవా? ఇడువు. ఇంగోటి, ఖాళీ భుజంతోని నెట్టెక్కొద్దు. మా తాతల కాలంకెల్లి ఎవ్వలూ ఎక్కలే."

"నేను హమాలీని కాదు గద కాకా!"

"గది నెట్టుకు తెలుస్తదా?"

మస్తు కొట్లాడిన. ముసలోడు వింటెనా! ఇరవై కిలోల మూట నా భుజాన పెట్టి, "ఇగ పో" అన్నడు.

దినాం అరవై సార్లు, ఉట్టి కాళ్లతోని. మొదటి వారం ముత్తెన్నను తిట్టని తిట్టు లేదు. ఆయన చాయ్ తాగుకుంట నవ్వెటోడు. ఇరవై దినాలకు ఆరువేలు నిండినయ్. రికార్డు పంపిన.

వినోద్‌కుమార్ వెంటనే ఫోన్ చేసిండు. "మొత్తం ఒక్క చోటే చూపిస్తోంది. వాచీ పెట్టుకొని లిఫ్టులో తిరిగారా?"

"బాన్సువాడల అంత పొద్దుగాల తిరిగే లిఫ్టు ఎక్కడున్నదో మీరే చూపియ్యుండ్రి సార్! దమ్ముంటే వచ్చి చూడుండ్రి."

వచ్చిండు. నెట్టు మీద కాలు పెట్టవోతుంటే ముత్తెన్న అడ్డం నిలబడ్డడు. బూట్లు ఇడిపిచ్చిండు. ఇరవై కిలోల మూట తెచ్చి భుజాన పెట్టిండు. "షరతు అందరికీ ఒక్కటే సార్" అన్నడు.

ఏడోసారికి సారు నడుమ మెట్టు మీద కూలవడ్డడు. నేను ఆయన పక్కకెల్లి ఎక్కుకుంట దిగుకుంట అరవై పూర్తి చేసిన. ఆయన ఒక్కొక్కటి లెక్కపెట్టిండు.

ఆఖరికి నీళ్లు తాగి, "పేరు ఉంచుతున్నానమ్మా" అన్నడు. "కొండల్లో మోసే సంచీ నాలుగు కిలోలు, గుర్తుంది కదా?"

ముత్తెన్న మొఖం చిట్లించిండు. "నాలుగా? గది ఖాళీ భుజమే గద!"

నేను మూట దించి చెమట తుడుసుకున్న. "సార్, ఈసారి మీ జీపుల నాకు జాగ పెట్టకుండ్రి" అన్న.