మేకపిల్ల బొమ్మలు

ఆశీర్వాదం నూట పన్నెండో ఆవుకు తోక గీస్తున్నాడు. నాచారం పారిశ్రామికవాడలోని ఆ ప్రెస్సులో ముప్పై నాలుగేళ్లుగా ఆయన పని ఇదే. అక్షరమాల పుస్తకం అచ్చుకు వెళ్లినప్పుడల్లా కొత్త అమ్మ, కొత్త ఆవు, కొత్త ఇల్లు. సన్నటి మనిషి, వంగిపోయిన మెడ, చూపుడువేలి గోటిలో ఎంత కడిగినా వదలని నీలం. ఉప్పల్ నుంచి మౌలాలి దాకా ఆయన ఆవును చూసి 'ఆ' నేర్చుకున్న పిల్లలు ఎందరో. ఆయన పేరు మాత్రం ఏ అట్ట మీదా పడలేదు. పడలేదేమని ఎవరూ అడగలేదు కూడా.

ఒకప్పుడు కోఠిలో పాత పుస్తకాల కుప్పలో ఆయనకు జపాన్ బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. ఒక్క అక్షరమూ చదవలేకపోయాడు గానీ కథ మొత్తం అర్థమైంది. ఆ పిచ్చి అప్పుడే పట్టుకుంది. అక్షరాలే లేని పుస్తకం తనూ ఒక్కటి వేసి పోవాలనుకున్నాడు. మౌలాలి రైలు పట్టాల మధ్య తప్పిపోయిన మేకపిల్ల తల్లిని చేరుకునే కథ. పదహారు బొమ్మలు. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక గీసుకుంటూ ఉంటే పదకొండేళ్లు పట్టింది. నిజం మేకను పెంచుకుని ఉంటే ఈపాటికి మంద అయ్యేదని భార్య లూర్దమ్మ ఆటపట్టించేది.

ఆ ఉదయం ధైర్యం చేసి వాటిని జగన్మోహన్‌కు చూపించాడు. పాత యజమాని కొడుకు, ఇప్పుడు ప్రెస్సు అతనిదే. అతనికి నిజంగానే నచ్చాయి.

"మస్తున్నయన్నా. గని అక్షరాలు లేకుంటే తల్లిదండ్రులు కొనరు. పేజీకొక అక్షరం ఉండాలె. గట్లయితే ఏస్త."

అక్షరం వద్దనుకున్న మనిషి అచ్చవుతుందన్న ఆశకు లొంగిపోయాడు, పాపం. ఆవును పక్కకు జరిపి, అన్నం డబ్బా అయినా తెరవకుండా, చెరగని నల్ల సిరాతో బొమ్మల మీదే రాసుకుంటూ పోయాడు. పాతరోజుల్లో అట్లాగే రాసేవారు. ఆయన చేతిరాత చూసి పాత యజమాని మురిసిపోయేవాడు. రైలు మీద 'ర', పట్టాల మీద 'ప'. చివరి బొమ్మలో తల్లిమేక మీద 'త'.

సాయంత్రం జగన్మోహన్ బొమ్మలు తిరగేసి తల పట్టుకున్నాడు. అక్షరాలు ఇప్పుడు కంప్యూటర్లో విడిగా పెడతారు. ప్రెస్సులో అందరికీ తెలిసిన సంగతే, ఆశీర్వాదానికి తప్ప.

"గిదేందన్నా, బొమ్మల మీదనే రాస్తివి? గివన్ని తీసే ఓపిక ఎవరికున్నది? ఇడ్సిపెట్టు. ఆవు అయిందా?"

"జరంత ఉన్నది సార్."

అన్నాడు గానీ ఆ జరంత కూడా గీయలేదు.

యంత్రాలు ఆగాక, బైండింగు చేసే సూర్యకళ బస్సుకు వెళ్దామని పిలవడానికి వచ్చింది. ఆయన బల్ల మీద తల ఆన్చి ఉన్నాడు. కునుకు పట్టిందేమోనని భుజం తట్టింది. జగన్మోహన్ తన కారులోనే దవాఖానాకు తీసుకుపోయాడు గానీ అక్కడ చేయడానికి ఏమీ మిగల్లేదు. లూర్దమ్మను నేరుగా అక్కడికే రమ్మన్నారు.

ప్రెస్సులో ఆయన బల్ల మీద సగం బ్లేడు, దాని కింద చివరి బొమ్మ. 'త' పోయింది. గీకి గీకి కాగితం తెగి తల్లిమేక ఉన్నచోట అరచేయంత కన్నం పడింది. మేకపిల్ల మెడ చాచి దానివైపే పరుగెడుతోంది.