నాలుగింట ఒకటి

ఏడో పువ్వు రేకలు కూడా వలిచి బుట్టలో వేసి, ముళ్ళక్క నడుము ఒకసారి వెనక్కి విరిచింది. ఎండ ఇంకా షెడ్డు కప్పు దాటలేదు. తేనెటీగలు రాకముందే ఈ పని అయిపోవాలి. సగం విచ్చిన మొగ్గను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో రేకల్ని పొరపొరగా మొదలంటా విప్పాలి. లోపల పసుపుపచ్చగా గుత్తికట్టి ఉన్న పుప్పొడి తిత్తుల్ని చిన్న పట్టకారుతో గిల్లెయ్యాలి. ఒక్కటి కూడా మిగలకూడదు. మిగిలితే కాయ కాస్తుంది గాని దాని తండ్రి ఎవరో ఆ దేవుడు కూడా చెప్పలేడు. ఆ మాట చెప్పుకుని తోటలో పనివాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

వలిచిన పువ్వుకు కాగితపు సంచి తొడిగి, మెడకింద దారం ముడివేసింది. రేపు ఆ సంచి విప్పి, ఇంకో మొక్కనుంచి తెచ్చి కాగితంమీద ఆరబెట్టిన పుప్పొడిని మెత్తటి కుంచెతో అద్దాలి. కాయ పండటానికి నాలుగు నెలలు. గింజలు తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో రెండు నెలలు. మొలిచినవాటిలో పువ్వు పూసేవి, పూసినవాటిలో తెగులు తట్టుకునేవి, తట్టుకున్నవాటిలో చూడముచ్చటైనవి... ఇలా వడపోసుకుంటూ పోతే వెయ్యింటికి ఒకటి మిగులుతుంది. కొన్నేళ్ళు అదీ మిగలదు.

ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఎవరి వేలిలో ముల్లు విరిగినా ఆమె దగ్గరికే వస్తారు. పైటకొంగున గుచ్చుకున్న సూది తీసి, మాటల్లో పెట్టి, వాళ్ళకు తెలిసేలోపే ముల్లు లాగి అరచేతిలో చూపిస్తుంది. అలా ముళ్ళక్క అయింది. ఆమె వేళ్ళు మాత్రం ఇప్పుడు ముళ్ళకు లొంగవు. చర్మం చెప్పు అట్టలా గట్టిపడిపోయింది. కూతురి తల దువ్వేటప్పుడు ఆ వేళ్ళకు వెంట్రుకలు చిక్కుకునేవి. "అమ్మా, అది చెయ్యా, దువ్వెనా?" అని అరిచేది పిల్ల.

ఇవాళ రావద్దనే చెప్పాడు తోట పెద్దాయన. "ఇంటి దగ్గర ఉండు ముళ్ళక్కా, ఒక్కరోజుకి ఏం మునిగిపోతుంది?" అన్నాడు. కానీ తల్లిమొక్క పువ్వులు సరిగ్గా ఇవాళే విచ్చాయి. రేపటికి ముదిరిపోతాయి. అది పైకి చెప్పిన కారణం. అసలు సంగతి, పొద్దున కూతురికి మొహం కడిగి, బట్టలు మార్చి, దిండు కింద దిండు పెట్టి ఏటవాలుగా కూర్చోబెట్టాక, చేతులకు ఏం పని చెప్పాలో ఆమెకు తోచలేదు.

"వెళ్ళవే అమ్మా," అంది అమ్మడు. ఇంట్లో ఆ పిల్ల ఇరవై రెండేళ్ళుగా అమ్మడే. "బండి వచ్చేది నాలుగింటికి. అందాకా నన్నే చూస్తూ కూర్చుంటే నాకు దిష్టి తగుల్తుంది."

"నాన్న ఒక్కడూ..."

"నాన్న ఉన్నాడు, రేడియో ఉంది. ఇద్దరిలో ఎవరో ఒకరు మాట్లాడతారులే."

మంచం పక్క కుర్చీలో నడుముకు బెల్టు బిగించుకుని కూర్చున్న ముళ్ళక్క భర్త, దర్జీ, ఆ మాటకు చిన్నగా నవ్వాడు. భార్య వైపు చూసి, వెళ్ళమన్నట్టు తలూపాడు.

*

అమ్మడు నడక ఆలస్యంగా నేర్చింది. నేర్చాక కూడా మెట్లెక్కడానికి మోకాళ్ళమీద చేతులు ఆనించుకునేది. ఎనిమిదో ఏట బడి మెట్లమీద పడింది. పదో ఏట రోజూ పడేది. ఇంటి పెద్దవాళ్ళు ఊరుకుంటారా? "మా వంశంలో ఇలాంటివాళ్ళు ఏ తరంలోనూ లేరు," అంది అత్తగారు. "మావాళ్ళేమైనా పాకుతున్నారా?" అంది ముళ్ళక్కను కన్నతల్లి. ఆ ఒక్క మాటమీద వియ్యపురాళ్ళిద్దరూ చచ్చేదాకా ఎడమొహం పెడమొహంగానే ఉండిపోయారు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఆలుమగల్ని కూర్చోబెట్టి, కాగితంమీద నాలుగు గళ్ళు గీసింది. చదువులేనివాళ్ళకు చెప్పినట్టు నెమ్మదిగా మొదలుపెట్టింది. సగంలోనే ముళ్ళక్క అందుకుంది.

"ఇద్దరిలోనూ దాక్కుని ఉంటుందమ్మా. పైకి ఇద్దరూ బాగానే కనబడతారు. రెండువైపుల్నించీ అదే చేరితే బయటపడుతుంది. నాలుగింట ఒకటి."

డాక్టరమ్మ పెన్సిల్ ఆగిపోయింది. "మీరేం చేస్తుంటారు?"

"గులాబీలు కలుపుతుంటానమ్మా."

నిటారుగా పెరిగే రెండు మొక్కల్ని కలిపితే అప్పుడప్పుడు వంగిపోయే పిల్ల పుట్టడం ఆమె ఎన్నోసార్లు చూసింది. ఆ తరవాత ఏం చెయ్యాలో కూడా తోటలో ఆమెకు తెలుసు. అక్కడ తెలిసిన విద్యకు ఇక్కడ పనిలేదు. "మరి ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగింది. డాక్టరమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. కండరాలు ఒక్కొక్కటిగా అలిసిపోతాయనీ, చివరికి ఊపిరి తీసే కండరాల దాకా వస్తుందనీ, మందు లేదనీ చెప్పింది. ఇంటికి వచ్చే దారిలో దర్జీ ఒక్కటే మాట అన్నాడు. "పోనీలే, నీదీ కాదు, నాదీ కాదు. ఇద్దరిదీ." నిందించడానికి ఎవరూ లేకపోవడం ఎంత బరువో ఆ రోజే తెలిసింది. రెండో బిడ్డ మాట వాళ్ళు మళ్ళీ ఎత్తలేదు.

*

తొమ్మిదింటికి పెద్దాయన చేతికర్ర పట్టుకుని మడుల దగ్గరికి వచ్చాడు. ఏరివేత ఇవాళే. తెల్లదాన్ని తల్లిగా, నిప్పురంగుదాన్ని తండ్రిగా పెట్టి కలిపిన మొక్కలు. తెల్లదానికి ఆకుమచ్చ తెగులు సోకదు. నిప్పురంగుదాని వాసన గేటు దగ్గర నిలబడినా తెలుస్తుంది. ఈ రెండు గుణాలూ ఒక్క మొక్కలో చూడాలని పెద్దాయనకు పదకొండేళ్ళ పట్టుదల. ఇల్లూవాకిలీ ఉన్న ప్రతివాడూ మందు కొట్టకుండా పెంచుకునే గులాబీ కావాలి అంటాడు. ఇప్పటికి మూడుసార్లు మొత్తం మడులన్నీ పీకేశారు.

ఆయన ముందు నడుస్తూ కర్రతో చూపిస్తాడు. "ఇది ఉంచు" అంటే ముళ్ళక్క ఎర్ర దారం కడుతుంది. "తీసెయ్" అంటే చేతిపార దింపి, వేళ్ళతో సహా లాగి పక్కన పడేస్తుంది. ఉంచమన్నవి తక్కువ. ఎండ ఎక్కేకొద్దీ దారిపక్క పీకిన మొక్కల కుప్ప మోకాలెత్తు పెరిగింది.

మడుల చివర కొయ్య చీటీలు ఉన్నాయి. తల్లి పేరు ముందు, తండ్రి పేరు వెనక, కలిపిన తేదీ కింద. వాటిమీద రాతంతా అమ్మడిదే. పద్నాలుగో ఏట నుంచి, బడి మానేశాక, ఇంట్లో కూర్చుని కట్టలకొద్దీ రాసిచ్చేది. పాత మడుల చీటీలమీద అక్షరాలు గుండ్రంగా, బలిసిన ద్రాక్షపళ్ళలా ఉంటాయి. తరవాతి మడుల్లో సన్నబడ్డాయి. ఆ తరవాతివాటిలో ఒకపక్కకి వాలాయి. నిరుడు కలిపినవాటి చీటీలు ముళ్ళక్కే రాసింది, కోడి గెలికినట్టు. వాటిని చూసి, "నీ రాత చూస్తే ఆ గులాబీలు మొలవడం మానేస్తాయి," అంది అమ్మడు.

నాలుగో మడి నడుమ పెద్దాయన ఆగిపోయాడు. మోకాలెత్తు మొక్క. ఆకులమీద ఒక్క మచ్చ లేదు. ఒకే ఒక్క పువ్వు, తెల్లవారేముందు ఆకాశం అడుగున కనబడే రంగు. కాని అది నేలవైపు చూస్తోంది. పెద్దాయన కర్ర చివరతో పువ్వును ఎత్తి, వంగి, వాసన చూశాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"అబ్బ," అన్నాడు. కర్ర తీశాడు. పువ్వు మళ్ళీ తల వేలాడేసింది. "మెడ లేదు. తీసెయ్."

ముళ్ళక్క చేతిపార దింపలేదు.

"ఒక్క ఏడాది చూద్దామండీ."

ముప్ఫై ఏళ్ళలో ఆమె ఆ మాట అనడం ఇదే మొదలు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమెవైపు కాక మడి చివరికి చూస్తూ, "సరే, ఉంచు. దారం కట్టు," అన్నాడు. ఆ గొంతు రోజూ వినే గొంతు కాదు. చావు ఇంట్లో పలకరించే గొంతు. ఇదే మడిలో మెడ నిలవనివి అంతకుముందు ఎనిమిదింటిని ఆయన కళ్ళార్పకుండా తీయించాడు.

ఆయన తరవాతి మడిలోకి మళ్ళాక ఆమె మొక్క పక్కన గొంతుక్కూర్చుంది. చేతిలో ఎర్ర దారం ఉంది. ఏడాది ఉంచితే ఏమవుతుందో ఆమెకంటే ఎవరికి తెలుసు? కాడ పొడుగవుతుంది, పువ్వు పెద్దదవుతుంది, బరువు పెరుగుతుంది, ఇంకా కిందికి వంగుతుంది. నిలవనిదాన్ని నిలుస్తుందని చెప్పుకుంటూ పెంచడం ఆమెకు చేతకాని పనేం కాదు. ఇంట్లో ఏళ్ళతరబడి అదే చేసింది. "వచ్చే ఏటికి లేచి నడుస్తావు చూడు" అని నూనె రాస్తూ చెప్పేది. అమ్మడు పన్నెండేళ్ళు వచ్చేదాకా నమ్మింది. ఆ తరవాత, అమ్మ బాధపడుతుందని నమ్మినట్టు నటించింది.

ముళ్ళక్క దారం బొడ్లో దోపుకుని చేతిపార దింపింది. మొక్క వేళ్ళు బలంగా ఉన్నాయి. రెండుచేతులా లాగితేగాని రాలేదు.

*

రెండున్నరకు ఇల్లు చేరింది. రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో అమ్మడి మంచం. పోయిన చలికాలం స్నానపు కుర్చీలోంచి కూతుర్ని ఎత్తబోయి దర్జీ వెల్లకిలా పడ్డాడు. పిల్ల ఒంటికి దెబ్బ తగలనివ్వలేదు గాని అతని వెన్ను పనికిరాకుండా పోయింది. అప్పట్నుంచి ఇద్దరూ కలిసి ఎత్తినా, పక్కమీంచి కుర్చీలోకి మార్చడానికి పావుగంట పడుతోంది. పైగా పడుకున్నప్పుడు ఊపిరి అందడంలేదు. ఊపిరి యంత్రం, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషులు ఉన్న వార్డు ఆరుగంటల ప్రయాణమంత దూరంలో ఉంది. రెండేళ్ళుగా ఎదురుచూస్తే పోయిన వారం ఉత్తరం వచ్చింది, మంచం ఖాళీ అయిందని. ఎలా ఖాళీ అయిందో ముగ్గురిలో ఎవరూ అడగలేదు. నెలకొక ఆదివారం చూడనిస్తారట.

"ఎన్ని పీకావు ఇవాళ?" అంది అమ్మడు.

"నాలుగు వందల చిల్లర."

"ఉంచినవి?"

"పంతొమ్మిది."

అమ్మడు కాసేపు ఊపిరి కూడదీసుకుంది. ఇప్పుడు ఒక మాటకీ ఇంకో మాటకీ నడుమ ఆగాలి. "మరి నన్నయితే... ఏ ఏడు పీకేదానివి?"

"నోర్ముయ్."

"చెప్పవే. ఊరికే అడుగుతున్నా."

ముళ్ళక్క మంచం అంచున కూర్చుంది. అబద్ధం చెప్పబోయింది, రాలేదు. నిజమేమిటో తనకే తెలియలేదు. "నువ్వు మొక్కవా?" అంది చివరికి.

"కాదులే," అంది అమ్మడు. "మొక్కలకి నోరుండదు."

ముందుగదిలో దర్జీ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు నడుములో పట్టి, "అబ్బా" అని మూలిగాడు. దాంతో తల్లీకూతుళ్ళకూ నవ్వొచ్చింది. అమ్మడికి నవ్వు దగ్గులోకి మారింది. ముళ్ళక్క వీపు కింద చెయ్యిపెట్టి లేపి, దగ్గు ఆగేదాకా పట్టుకుంది. వీపు ఎముకలు అరచేతికి ఒక్కొక్కటే తెలుస్తున్నాయి.

"బండిలో ఒక్కరికే చోటట," అంది అమ్మడు, ఊపిరి కుదుటపడ్డాక. "నాన్న వస్తాడు."

"నాన్న నడుముతో ఆరుగంటలా? నేనొస్తాను."

"నాన్న రెండ్రోజులు అక్కడుండి వచ్చేస్తాడు. నువ్వొస్తే రావు. నా దుప్పటి సర్దుతూ ఆ వార్డు గుమ్మంలోనే ఉండిపోతావు. అక్కడ కలపడానికి పువ్వులేం లేవమ్మా."

ముళ్ళక్క దువ్వెన తీసుకుని, తన వేళ్ళు తగలకుండా జాగ్రత్తగా జడ వేసింది.

బండి నాలుగుకు ఐదు నిమిషాల ముందే వచ్చింది. నీలం చొక్కాల మనుషులు ఇద్దరు దిగారు. మర్యాదస్తులే. చెప్పులు గుమ్మం బయట విడిచారు. ఒకడు భుజాల కింద, ఒకడు మోకాళ్ళ కింద చెయ్యివేసి, "ఒకటి, రెండు" అన్నారు. అంతే. అమ్మడు గాలిలోకి లేచి స్ట్రెచర్‌మీదకు వచ్చేసింది. అంత తేలికా అన్నట్టు దర్జీ చూశాడు. ముళ్ళక్క రెండుచేతులూ ముందుకు చాపే ఉన్నాయి, పట్టుకోవడానికి. వాటిలో ఎవరూ ఏమీ పెట్టలేదు.

"జాగ్రత్తండీ," అంది. పిల్లను గురించి ఎవరితో అంటోందో, భర్తతోనా, ఆ మనుషులతోనా, తెలియలేదు. "తల కింద మెత్తగా... కుడివైపు తిప్పి పడుకోబెడితే దానికి..."

"మేం చూసుకుంటాం అమ్మా," అన్నాడు నీలం చొక్కా మనిషి.

దర్జీ నడుము పట్టుకుని కూతురి పక్కన ఎక్కాడు. బండి తలుపు వేసేముందు అమ్మడు ఇటు చూసింది. చెయ్యి ఊపలేదు కనుక కనుబొమలు రెండూ పైకి ఎగరేసింది, చిన్నప్పుడు ఏదో తుంటరిపని చేసి పారిపోబోతూ చేసినట్టు. తలుపు పడింది. వీధి మలుపు దగ్గర బండి ఆగి, ఎవరికో దారి ఇచ్చి, తిరిగి కదిలింది.

ముళ్ళక్క లోపలికి వచ్చి దుప్పటి మడిచింది. మడిచినదాన్ని విప్పి, మళ్ళీ మడిచింది. దిండ్లు సర్దింది. ఇంకేమీ మిగలక కుర్చీలో కూర్చుంది. మంచం పక్క స్టూలుమీద గ్లాసులో నీళ్ళు సగందాకా ఉన్నాయి, అందులో వంపు తిరిగిన పీల్చే గొట్టం ఒకటి, కొసన పంటిగాట్లతో, నోటి ఎత్తుకు సరిపోయేలా దిండు వైపే వంగి ఉంది.