ఆరో నకలు

పదకొండో కాగితం మీద ఎర్ర ముద్ర కొట్టి, సిరా ఆరేలా ఒకసారి ఊది, బోర్లించి పెట్టింది. పన్నెండో దాని కోసం చెయ్యి చాచితే బల్ల చెక్క తగిలింది. మొదటినుంచి మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే.

వంతెన కడుతున్న చోట, రేకుల గదిలో ఆమె ఉద్యోగం. డ్రాయింగు మారినప్పుడల్లా కొత్త నకళ్ళు ఆరుగురికి ఇచ్చి, పాతవి ఆరూ వెనక్కి రాబట్టి, ఒక్కోదాని మీద ‘రద్దు’ అని ముద్ర కొట్టి, బీరువాలో పడుకోబెట్టాలి. ఇంజనీర్లకు పూటకో ఆలోచన వస్తుంది. వాళ్ళు విడిచిన ఆలోచనల్ని మడతపెట్టి దాచే పని ఆమెది. అందుకే సైటులో ఆమెను రద్దక్క అనేవారు. మొదట చాటుగా అన్నారు, తర్వాత ఎదుటే అన్నారు. ఆమె పలికేది.

యాభై నాలుగేళ్ళ సన్నపాటి మనిషి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు చివర్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఏ సబ్బుకీ పోయేది కాదు ఆ రంగు. తమ్ముడి ఇంట్లో ఉంటుంది. మరదలు ఆమెను పిండి ముట్టుకోనివ్వదు. పెళ్ళి మాట రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పోయింది. ఎందుకు పోయిందని ఆమె అడగలేదు. తల్లి చనిపోయినప్పుడు చుట్టూ అందరూ ఏడుస్తుంటే, తనకీ ఏడుపు వస్తుందేమోనని బస్సు కోసం చూసినట్టు చూసింది. రాలేదు. లేచి వెళ్ళి కూరగాయలు తరిగింది. మూడోనాడు ఉద్యోగానికి వచ్చేసింది.

ఇరవై మూడేళ్ళలో నాలుగు వంతెనల కాగితాలు ఆమె చేతుల మీదుగా పోయాయి. ఒక్క వంతెన మీదా నడవలేదు. అది పూర్తయ్యే వేళకి కట్టలు కట్టి అప్పగించి, మరో రేకుల గదికి వెళ్ళిపోయేది.

రిజిస్టరు తిరగేసింది. ఈసారి మారినవి రెండు డ్రాయింగులు, రావాల్సిన పాత నకళ్ళు పన్నెండు. రానిది ఏడో స్తంభం తల డ్రాయింగు, ఆరో నకలు. అది చువ్వలు కట్టే మేస్త్రీ దగ్గర ఉండాలి. కొత్తది నిన్న సాయంత్రం సైటు ఇంజనీరే సంతకం పెట్టి పట్టుకెళ్ళాడు, మేస్త్రీకి తనే ఇస్తానని. ఆ స్తంభం మీద ఇవాళ రెండింటికి కాంక్రీటు పోస్తారు. గోడ గడియారం పన్నెండున్నర దాటింది.

రెండు రోజులుగా ఎడమ జబ్బ లాగుతోంది. అన్నం డబ్బా మూత తీసింది కానీ తినబుద్ధి కాలేదు. మూత పెట్టేసి, హెల్మెట్టు పెట్టుకుని బయటికి నడిచింది. ఏడో స్తంభం దాకా వెళ్ళేసరికి మూడుచోట్ల ఆగాల్సి వచ్చింది.

ఇంజనీరు ఆమెను చూడగానే మొహం చిట్లించాడు. నలభైలోపు వాడు, రాత్రి సరిగా నిద్రపోని కళ్ళు.

“ఇప్పుడా అక్కా? లారీలు బయల్దేరాయి. రేపు చూసుకుందాం.”

“పాత కాయితం ఇప్పించండి. వెళ్ళిపోతాను.”

“ఎక్కడికీ పోలేదు రద్దక్కా, నెత్తినే పెట్టుకున్నా,” అంటూ మేస్త్రీ నవ్వి, హెల్మెట్టు తీసి, లోపల మడిచి దోపిన కాగితం అందించాడు. చెమటకు మెత్తబడింది. ఆమె విప్పి, అది ఎన్నో మార్పో చెప్పే మూలనున్న అంకె చూసింది. మూడు.

“మరి నాలుగోది ఏది?”

“నాలుగోదా? నా దగ్గరున్నది ఇదొక్కటే.”

ఇద్దరూ ఇంజనీరు వైపు తిరిగారు. అతని చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది.

“దీంట్లో కింది వరసలో పద్నాలుగు చువ్వలు,” అంది ఆమె, బస్సు నంబరు చెప్పినట్టు. “కొత్తదాంట్లో పద్దెనిమిది.”

ఇంజనీరు నిచ్చెన ఎక్కాడు. పైన వేలు చూపించుకుంటూ లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. దిగకుండానే ఫోను తీసి లారీలను వెనక్కి తిప్పమన్నాడు. మేస్త్రీ చెక్కల మీద కూలబడ్డాడు.

“రెండు రోజుల పని మట్టికొట్టుకుపోయింది,” అన్నాడు. హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని, “పోతే పోయింది. పోసేశాక తెలిసుంటే కొంప మునిగేది,” అన్నాడు.

ఆమె అప్పటికే వెనక్కి నడుస్తోంది. ఇంజనీరు పరుగున వచ్చి కలిశాడు.

“అక్కా, ఒక్కమాట. ఆ నకలు నిన్ననే తిరిగొచ్చినట్టు రాసెయ్యండి. పెద్దాయన రేపు వస్తున్నాడు. రిజిస్టరు చూస్తే నన్ను తీసేస్తాడు.”

“నిన్న రాలేదుగా.”

“అలా రాస్తే మీకేం పోతుందక్కా?”

ఆమె నిలబడి నిజంగానే ఆలోచించింది.

“ఏమీ పోదు,” అంది. “కానీ రాలేదుగా.”

గదికి వచ్చి, చెమట కాగితాన్ని అరచేత్తో సాపుచేసి ముద్ర కొట్టింది. తడి కాగితం మీద సిరా కొంచెం పాకింది. రిజిస్టరు ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది. ఛాతీలో ఏదో బరువు కిందికి దిగింది. భయం వెయ్యాలి కాబోలు అనుకుంది. వెయ్యలేదు. కలం మూత పెట్టి, కాసేపు తల వాల్చింది.

మూడింటికి ఇంజనీరు వచ్చాడు, మరోసారి బతిమాలుకుందామని. ఆమె చేతిమీద చెంప ఆనించి నిద్రపోతున్నట్టుంది. “అక్కా,” అన్నాడు. మళ్ళీ పిలిచాడు. భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు.

డాక్టరు వచ్చాడు, పెదవి విరిచాడు. బండి వచ్చింది, తీసుకెళ్ళారు. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక గదిలో ఇంజనీరు ఒక్కడే మిగిలాడు. రిజిస్టరు తెరిచే ఉంది. ‘ఏడో స్తంభం, ఆరో నకలు. తిరిగి వచ్చిన సమయం: ఈ రోజు ఒంటిగంట. ఆలస్యానికి కారణం:’ అని ఉంది. ఆ పక్కన ఖాళీ.

ఆమె కలానికే మూత తీశాడు. చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వంగి, ‘కొత్త నకలు నా బల్ల మీదే ఉండిపోయింది’ అని రాసి, కింద సంతకం పెట్టాడు.

అతన్ని తీసెయ్యలేదు, వేరే సైటుకి పంపారు. మేస్త్రీ కింది వరస విప్పి, తక్కువైన నాలుగు చువ్వలూ చేర్చి కట్టాడు. వారం తర్వాత ఏడో స్తంభం మీద కాంక్రీటు పోశారు. ఆ మధ్యాహ్నమే తమ్ముడు వచ్చాడు. అక్క సంచీ, అన్నం డబ్బా, కుర్చీ వెనక వేలాడుతున్న శాలువా తీసుకున్నాడు. గుమ్మంలో ఆగి, బీరువాల వైపు చూశాడు.

“ఇవన్నీ అక్క సర్దినవేనా?” అని అడిగాడు.

“అన్నీ ఆమెవే,” అన్నాడు కాపలా మనిషి.

తమ్ముడు తలూపి వెళ్ళిపోయాడు. బల్ల కిందికి ఎవరూ వంగి చూడలేదు. అక్కడ గోడకేసి తిరిగి, గదిలో తిరగడానికి ఆమె ఉంచుకున్న రబ్బరు చెప్పులు పక్కపక్కన ఉన్నాయి, మడమ దగ్గర కాగితమంత పల్చగా అరిగి, బొటనవేళ్ళు ఆనే చోట నల్లగా రెండు గుంటలతో.