ఎవరూ తెరవకూడని ఫైలు

మదనపల్లెలో లాయరు ముద్దుకృష్ణ ఆఫీసు మెట్లెక్కడం రెడ్డెమ్మకు అది ఏడోసారి. ఎప్పటిలాగే ఒక్కతే వచ్చింది. పక్కనే కోర్టు, కోర్టు ముందర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు పోలీసులు. అందుకని మొగుడు ఈ వీధికి రాడు. జైలు నుంచి తిరిగొచ్చాక అతనికి ఖాకీ చొక్కా కనిపిస్తే చాలు, తల వాలిపోతుంది. బస్సులో కండక్టరు వచ్చినా అంతే, చిల్లర ముందుకు చాపి పాదాలకేసి చూస్తాడు.

"కూర్చోమ్మా" అన్నాడు ముద్దుకృష్ణ. "జవాబు వచ్చుండాది."

నాలుగు పేజీల కాగితం. పైన నీలంరంగు ముద్ర. రెడ్డెమ్మ కొంగు సర్దుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"మనం లాయరు నోటీసు పంపింది ఆ అంతర్జాతీయ పోలీసు సంస్థకు గదా. వాళ్ల మీద కేసు పడదంట."

"యాల సార్? తప్పు వాళ్లది కాదా?"

"తప్పా ఒప్పా అని అడిగే హక్కే కోర్టుకు లేదమ్మా. ఆ సంస్థ ఆఫీసు ఉండే దేశంలో ప్రభుత్వం వాళ్లకొక ఉత్తర్వు ఇచ్చుండాది. చట్టసభలో చర్చ గిర్చ ఏమీ లేదు. ఒక కాయితం, దానికింద పైవాళ్ల సంతకం. అంతే. ఇంక వాళ్ల మీద దావా వేయకూడదు, వాళ్ల ఆఫీసులో సోదా చేయకూడదు, వాళ్ల ఫైలు ఏ జడ్జీ తెప్పించుకోకూడదు. మనం ఈడ కోర్టులో వేసినా వాళ్లు రారు, వాళ్లను రప్పించేవాడూ లేడు."

"పధ్నాలుగు నెలలు జైల్లో పెట్టినారు సార్ మనిషిని."

"జైల్లో పెట్టింది ఆ దేశం పోలీసులు. వాళ్లనడిగితే, పట్టుకోమని ఆ సంస్థ పంపిన నోటీసులో పేరుండాది కాబట్టి పట్టుకున్యాము అంటారు. నోటీసు పంపినోళ్లను అడిగితే ఈ కాయితం చూపిస్తారు." ముద్దుకృష్ణ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నష్టపరిహారం సంగతి మర్చిపో తల్లీ."

"అది వద్దు సార్. ఆ ఫైలు ఒక్కసారి చూపిస్తే సాలు."

"దాంతో నీకేం పని?"

రెడ్డెమ్మ కిందికి చూస్తూ కొంగు అంచు మడతపెట్టింది, మళ్లీ విప్పింది.

ఆ ఫైల్లో ఆమెకు కావలసింది ఒక్క వాక్యం. అందులో తన మాట ఉందా లేదా అన్నదే.

పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో వాళ్ల పల్లె. ఆ ఇంటి వాళ్లలో కొడుకులు ఎంతమంది ఉంటే అంతమందీ తమ మొదటి మగబిడ్డకు తాత పేరే పెడతారు. తాత ఈశ్వరప్ప. ఆయన కొడుకులిద్దరికీ ఒకే ఏడాది, రెండు నెలల తేడాతో మగపిల్లలు పుట్టారు. ఇద్దరూ ఈశ్వరప్పలే. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే. ఆ ఇంటి కోడళ్లెవరూ మామగారి పేరు నోటితో అనకూడదు కాబట్టి పిల్లల్ని ఆ పేరుతో పిలిచిందే లేదు. రెడ్డెమ్మ మొగుడు పెద్దోడు, గోడ అవతలి చిన్నత్త అక్కమ్మ కొడుకు చిన్నోడు. కోడలుగా వచ్చినప్పటి నుంచి రెడ్డెమ్మ కూడా అంతే. మొగుడి పేరు ఎవరైనా అడిగితే పక్కనున్న వాళ్ల వైపు చూస్తుంది, వాళ్లు చెబుతారు.

పెద్దోడూ చిన్నోడూ డ్రైవింగు నేర్చుకుని గల్ఫ్‌కు పోయారు. పెద్దోడు కువైటుకు. చిన్నోడు ఇంకో దేశానికి. రెండువేల మూడులో చిన్నోడు అక్కడ కారుతో ఒక మనిషిని గుద్ది, ఆగకుండా పోయి, ఎటో కనిపించకుండా పోయాడు. ఆ మనిషి చచ్చిపోయాడు. ఈ సంగతి అప్పుడు పల్లెలో ఎవరికీ తెలీదు. చిన్నోడి ఫోన్లు ఆగిపోయాయి, అంతే.

మరుసటి ఏడాది ఎండాకాలంలో ఒక కానిస్టేబుల్ సైకిలు మీద వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితం. రెడ్డెమ్మ గడప ముందర రాగులు చెరుగుతోంది.

"ఏమ్మా, ఈశ్వరప్ప ఇల్లు ఇదేనా?"

ఆమె తలూపింది.

"నీ మొగుడేనా? గల్ఫ్‌లో డ్రైవరేనా?"

మళ్లీ తలూపింది. పాస్‌పోర్టు విచారణ అనుకుంది. మొగుడు వెళ్లేముందు కూడా ఇలాగే ఎవరో వచ్చి అడిగి పోయారు. ఇంట్లో ఇద్దరున్నారని చెప్పాలని ఒక్క క్షణం నాలుక చివర మెదిలింది. చెప్పాలంటే పేరెత్తాలి. మొగుడి పేరు, మామగారి తండ్రి పేరు. చుట్టుపక్కల చెప్పిపెట్టే వాళ్లెవరూ లేరు. కానిస్టేబుల్ మజ్జిగ తాగి, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

రెండు నెలలకు పెద్దోడు సెలవు మీద బయల్దేరాడు. విమానం మారే ఊళ్లో పట్టుకున్నారు. అది చిన్నోడు మనిషిని గుద్దిన దేశమే. పధ్నాలుగు నెలల తరవాత ఎవరో వేలిముద్రలు సరిపోల్చి, ఇతను కాదని వదిలిపెట్టారు. కువైటు ఉద్యోగం పోయింది. పేరు మాత్రం ఆ సంస్థ లిస్టులో అలాగే ఉంది.

ఇంటికొచ్చిన మొదటి వారంలో అతను ఒకే ఒక్కసారి ఆ జైలు మాట ఎత్తాడు. "నేను కాదు సామీ అని మొత్తుకుంటే, మీ ఊళ్లో అడిగినాము, నువ్వేనని చెప్పినారు అన్నారు" అని గోడకేసి చూశాడు. "కొడుకును దాచుకునేదానికి చిన్నమ్మ నన్ను చూపించింది."

రెండిళ్ల మధ్య గోడకు మనిషి నడుమంత ఎత్తున ఒక సందు ఉండేది. మజ్జిగ చెంబూ, కూర గిన్నే ఆ సందులోంచే అటూ ఇటూ పోయేవి. మర్నాడు అతను రాళ్లు పేర్చి ఆ సందు మూసేశాడు. అక్కమ్మ అవతల నిలబడి "యాల నాయినా?" అని అడిగింది. పెద్దోడు ఇంకో రాయి పేర్చాడు. రెడ్డెమ్మ రాళ్లు అందించింది.

ఆ రాళ్లు ఆమె అరచేతుల్లో ఇప్పటికీ ఉన్నట్టే ఉంటాయి. ఫైల్లో తన మాట లేకపోతే, ఇంకెవరో ఏదో చెప్పి ఉంటే, ఈ బరువు దిగిపోతుంది. ఉంటే ఏం చెయ్యాలో ఆమె ఆలోచించలేదు.

"ఒక దోవ ఉండాదమ్మా" అన్నాడు ముద్దుకృష్ణ. "కేసు కాదు, అర్జీ. వాళ్ల ఫైలు వాళ్లే తీసి చూసుకుని, వాళ్లకు తోస్తే పేరు కొట్టేస్తారు. అయితే పుట్టినతేదీ కూడా ఇద్దురికీ ఒకటే ఎట్లయింది? అది తేల్చే రుజువు కావాల."

ఆ రుజువు కుప్పంలో ఉంది. పల్లె బడికి అప్పట్లో ఒకే ఉపాధ్యాయుడు, చెంగయ్య సారు. రిటైరై కుప్పంలో రైల్వే స్టేషను వెనక ఉంటున్నాడు. ఈసారి పెద్దోడు కూడా బయల్దేరాడు. పలమనేరులో బస్సు మారారు. దారంతా అతను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు.

చెంగయ్య సారు వాకిట్లో మంచం మీద రాగులు ఎండబోసుకుంటున్నాడు. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూశాడు.

"మన పల్లె మనిషివే. ఎవుర్రా?"

"ఈశ్వరప్పను సార్."

"ఏ ఈశ్వరప్పవురా? పెద్దోడివా, చిన్నోడివా?"

రెడ్డెమ్మ తలెత్తి చూసింది. ఇంత చిన్న ప్రశ్న. ఆ పొద్దు ఆ కానిస్టేబుల్ ఇదొక్కటి అడిగి ఉంటే.

"పెద్దోణ్ణి సార్" అన్నాడు మొగుడు. అతని గొంతు అంత నిబ్బరంగా పలకడం ఆమె రెండేళ్లలో వినలేదు.

విషయమంతా విని ముసలాయన రాగుల్లో వేళ్లు ఆడించాడు. "నేనే రాసినానురా. బిడ్డ ఎప్పుడు పుట్టినాడమ్మా అని అడిగితే మీ అమ్మ గంగజాతరైన వారానికి అనింది, అక్కమ్మ మామిడికాయలు కోసేటప్పుడు అనింది. నేనేం సేసేది? ఆ ఏడు బళ్లో చేరిన ముప్పై ఒక్కమందికీ జూలై ఒకటే రాసి పారేసినా. తొందరగా అయిపోతాదని." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "నా రాతకు నువ్వు జైలుకు పోతివా?"

"నీదేముంది సార్ తప్పు" అన్నాడు పెద్దోడు. "చెప్పినోళ్లు వేరే ఉండారు."

రెడ్డెమ్మ మంచం మీది రాగుల్లో ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

చెంగయ్య సారు రెండు పేజీలు రాసి సంతకం పెట్టాడు. కాఫీ ఇప్పించాడు. "ఇంత రాగులే మిగిలినాయమ్మా. రామకుప్పం పక్క మా కయ్యిలో పైరంతా ఏనుగులు పడి తొక్కేసినాయి. వాటిమీద సెయ్యెత్తకూడదు, గవర్మెంటు ఆర్డరు. నీకు ఆ పోలీసోళ్లు, నాకు ఏనుగులు." తన మాటకు తనే నవ్వాడు. "అయినా ఏనుగులే నయం. ఫారెస్టాయన వచ్చి, ఔను తొక్కినాయి అని రాసిచ్చి పోయినాడు."

అర్జీ పంపిన తొమ్మిది నెలలకు జవాబొచ్చింది. ముద్దుకృష్ణ ఫోను చేసి మరీ పిలిపించాడు. ఈసారి అది ఒకే పేజీ. అర్జీదారుకు వర్తించే సమాచారం ప్రస్తుతం మా ఫైళ్లలో ఏదీ లేదు అని ఒక వాక్యం. గతంలో ఏముండేదో, అది ఎవరి ద్వారా వచ్చిందో చెప్పడానికి వీలులేదని ఇంకో వాక్యం. పొరపాటు అన్న మాట ఎక్కడా లేదు.

"గెలిచినట్టేనమ్మా!" అన్నాడు లాయరు. "పేరు తీసేసినారు. ఇంక నీ మొగుడు యాడికైనా పోవచ్చు, రావచ్చు."

"ఎవురు చెప్పినారో ఎప్పటికీ తెలీదా సార్?"

"తెలీదు. వాళ్లు చెప్పరు, చెప్పించే కోర్టు లేదు. ఇంకా ఆ ఫైలేనా తల్లీ? వదిలెయ్."

పుంగనూరు బస్సులో ఆమె ఆ కాగితాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ ఒక జవాబు వస్తుందనే ఆశ మాటున దాక్కుంది. ఫైలు చెబితే తను చెప్పనక్కర్లేదు. ఫైలు ఇంక నోరు తెరవదు. మిగిలింది తన నోరే.

ఇల్లు చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. పెద్దోడు వాకిట్లో టమోటాలు ఏరి క్రేట్లలో వేస్తున్నాడు, తెల్లారి మార్కెట్టుకు. ఆమె కాగితంలో సంగతి చెప్పింది. అతను చేతులు తుడుచుకుని కాగితం అందుకుని, తన పేరున్న చోట బొటనవేలితో ఒకసారి తడిమి, తిరిగిచ్చాడు.

"ఎవురు చెప్పినారో రాసుండారా?"

"లేదు."

"రాయకపోతే ఏం, నాకు తెలుసు గదా" అని గోడకేసి చూశాడు.

రెడ్డెమ్మ క్రేటు పక్కన కూలబడింది. "చిన్నత్త కాదు. నేను."

అతను అర్థం కానట్టు చూశాడు. ఆమె ఆగకుండా చెప్పింది. సైకిలు, మడతకాగితం, రెండుసార్లు తలూపడం, మజ్జిగ. "ఆయప్ప చిన్నత్త గడప తొక్కనేలేదు. నన్నే అడిగి పోయినాడు. పాస్‌పోర్టుకని అనుకున్యా. ఇద్దురుండారని చెప్పాలంటే పేరెత్తాల గదా. నోరు రాలేదు."

అతను మళ్లీ టమోటాలు క్రేట్లో వేయసాగాడు. పండినవీ పచ్చివీ కలిపి వేస్తున్నాడు.

"రాళ్లు పెట్టేటప్పుడు కూడా రాలేదా నోరు?" అన్నాడు.

ఆమె ఏడ్చింది. అతను ఏడవమనలేదు, ఏడవద్దనలేదు.

"ఏమని చెప్పుండాల్సింది ఆయప్పకు?" అన్నాడు కాసేపటికి. "ఇప్పుడు చెప్పు. నేను ఇనాల."

రెడ్డెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. పదహారేళ్ల కాపురంలో పలకని మాట ఒక్కసారిగా, అనుకున్నదాని కంటే గట్టిగా బయటికొచ్చింది.

"మా ఇంట్లో ఇద్దురుండారు సార్. పెద్ద ఈశ్వరప్ప నా మొగుడు. చిన్న ఈశ్వరప్ప మా చిన్నత్త కొడుకు."

గోడ అవతల చెంబు కింద పడిన చప్పుడైంది. రాళ్ల మీదుగా అక్కమ్మ తల పైకి లేచింది. నెరిసిన జుట్టు ఊడి మొహం మీద పడుతోంది.

"ఎవురి పేరమ్మా అది?" ఆమె గోడ పట్టుకుని ఊగిపోతోంది. "మా చిన్నోడి మాటేనా? ఫోను వచ్చిందా? యాడుండాడంట?"

పెద్దోడు లేచి గోడ దాకా నడిచాడు. మూడేళ్ల తరవాత ఆ వైపు అతను అన్న మొదటి మాట అదే.

"లేదు చిన్నమ్మా. ఫోను రాలేదు."

"మరి పేరు ఇనపడె?"

"ఊరికే. మాట్లాడుకుంటాండాము."

అక్కమ్మ కాసేపు అలాగే నిలబడింది, ఇంకేమైనా చెబుతాడేమోనని. అతను సందులో పేర్చిన రాళ్లలో పైదాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. మూడు వానాకాలాలకు మట్టి పట్టి అది బిగుసుకుపోయింది. అయినా వదలకుండా ఊపుతూనే ఉన్నాడు.

రెడ్డెమ్మ సాయం చేద్దామని లేచి దగ్గరికి పోయి చేతులు చాచింది. అతను వెనక్కి తిరగలేదు. రాయి ఊడింది. ఆమె చేతులకు అందించకుండా దాన్ని తనే మోసుకుపోయి వాకిలి అవతల పెట్టి, రెండో రాయి కోసం వచ్చాడు.